1970ల ఇంగ్లీషు హారర్ నవలలు: దేనితో మొదలుపెట్టాలి, దేన్ని వదిలేయొచ్చు

మీరు అడిగింది ఇదీ. 1970లలో ఇంగ్లీషులో వచ్చిన దెయ్యాల నవలల గురించి చాలా విన్నారు, కొన్నింటిని సినిమాలుగా చూసేశారు. సినిమా చూశాక పుస్తకం చదవడం దండగా? మొదలుపెడితే దేనితో? యాభై ఏళ్ళు గడిచాక కూడా అవి భయపెడతాయా? చివర్లో ఇంకో మాట అడిగారు: మీ శ్రీమతి గారు కూడా చదువుతారు, ఆమెకిప్పుడు ఆరో నెల, ఇవ్వకూడనివి ఏమైనా ఉన్నాయా అని. దానికి చివర్లో విడిగా చెప్తాను.

ముందు సూటిగా జవాబు. ఒక్కటే చదివే తీరిక ఉంటే స్టీఫెన్ కింగ్ ‘ది షైనింగ్’ (1977) చదవండి. మూడు చదవగలిగితే దానికి ముందు విలియం పీటర్ బ్లాటీ ‘ది ఎక్సార్సిస్ట్’ (1971), తర్వాత యాన్ రివర్స్ సిడన్స్ ‘ది హౌస్ నెక్స్ట్ డోర్’ (1978). సినిమా చూసినంత మాత్రాన నష్టమేమీ లేదు. మొదటి రెండింటిలో పుస్తకంలో ఉన్న అసలు బరువు సినిమాలోకి పూర్తిగా రాలేదు. ఇక భయం అంటారా, కొన్నింటిలో చెక్కు చెదరలేదు, కొన్నింటిలో ఆవిరైపోయింది. ఎందుకో కింద చెప్తాను.

నేను హైదరాబాదులో పంతొమ్మిదేళ్ళు ఇంగ్లీషు పుస్తకాల అద్దె లైబ్రరీ నడిపాను. సరుకంతా ఎక్కువగా ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఏరుకొచ్చిందే. నల్ల అట్ట మీద ఎర్ర అక్షరాలున్న పేపర్‌బ్యాక్‌లకు విడిగా ఒక అర ఉండేది. పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు పూర్తయిందా అని ప్రతి ఒక్కరినీ అడిగేవాణ్ణి. కాలేదంటే ఏ పేజీ దగ్గర ఆపారో, ఎందుకు ఆపారో ఒక నోట్‌బుక్‌లో రాసుకునేవాణ్ణి. కొత్తవాళ్ళకు పుస్తకం ఇచ్చేటప్పుడు ఆ నోట్‌బుక్ బాగా పనికొచ్చేది. ఇప్పుడు మీకు చెప్పేది కూడా చాలావరకు అందులోంచే.

ఆ రాతల్ని తిరగేస్తూ పోతే నాకు అర్థమైన విషయం ఒకటుంది. అంతకుముందు ఇంగ్లీషు దెయ్యం కథలంటే పాత కోట, పాడుబడిన బంగళా, దూరపు ఊరు. 1967లో ఐరా లెవిన్ ‘రోజ్‌మేరీస్ బేబీ’తో ఆ భయాన్ని న్యూయార్క్ అపార్ట్‌మెంట్‌లోకి, పక్క ఫ్లాట్‌లో ఉండే మంచి ముసలివాళ్ళ మధ్యకి తెచ్చాడు. ఆ తర్వాతి పదేళ్ళలో అది పూర్తిగా ఇంట్లోకి వచ్చేసింది. విడాకులు తీసుకున్న తల్లి, ఉద్యోగం పోయిన తండ్రి, కొత్తగా కొన్న ఇల్లు, బడిలో అందరూ ఏడిపించే పిల్ల. అందుకే ఈ నవలలకు నేనొక పరీక్ష పెట్టుకున్నాను. కథలోంచి దెయ్యాన్ని తీసేసి చూడండి. అప్పుడు కూడా ఆ ఇంట్లో కష్టం మిగిలి ఉంటే ఆ పుస్తకం ఇప్పటికీ భయపెడుతుంది. దెయ్యంతో పాటు కథ కూడా పోతే అది అప్పటి జనం కోసం రాసిందే.

‘ది షైనింగ్’ ఈ పరీక్షలో అన్నిటికన్నా పైన నిలుస్తుంది. జాక్ టోరెన్స్ తాగుడు మానేసిన మనిషి. తాగుతున్న రోజుల్లో ఒకసారి కోపంలో మూడేళ్ళ కొడుకు చెయ్యి విరిచాడు. తర్వాత ఒక స్టూడెంటు కుర్రాణ్ణి కొట్టి టీచరు ఉద్యోగం పోగొట్టుకున్నాడు. చలికాలమంతా మంచులో మూసేసి ఉండే కొలరాడో కొండల్లోని హోటల్‌కి కాపలా ఉద్యోగం దొరికితే, అదే ఆఖరి అవకాశమనుకుని భార్యనీ అయిదేళ్ళ కొడుకునీ తీసుకుని వెళ్తాడు. ఇందులో హోటల్ దెయ్యాలు రాకముందే మనకి టెన్షన్ మొదలవుతుంది. ఈ మనిషి మళ్ళీ తాగుతాడా? మళ్ళీ చెయ్యెత్తుతాడా? భార్య వెండీ ఆయన నోటి దగ్గర వాసన పసిగట్టాలని చూసే చూపు, తండ్రి మొహం చూసి ఇవాళ ఎలా ఉన్నాడో పిల్లవాడు లెక్కవేసుకునే తీరు, అలాంటి ఇంట్లో పెరిగినవాళ్ళకు విడమరిచి చెప్పక్కర్లేదు.

ఈ నవల పుట్టిన సంగతి కూడా చెప్పాలి. 1974 శరదృతువు చివర్లో కింగ్ తన భార్యతో కొలరాడోలో ఎస్టెస్ పార్క్ అనే ఊళ్ళోని స్టాన్లీ హోటల్లో ఒక రాత్రి బస చేశాడు. మర్నాటి నుంచి హోటల్ మూసేస్తారు. అతిథులు వాళ్ళిద్దరే. వాళ్ళ గది 217. నవలలోనూ అదే నంబరు, సినిమాలో మాత్రం 237 చేశారు. అయితే కథకు ప్రాణం పోసింది గది కాదు. అప్పట్లో తనకే తాగుడు అలవాటు ఉందనీ, తెలియకుండా తన గురించే రాసుకున్నాననీ కింగ్ తర్వాత ఒప్పుకున్నాడు. దర్శకుడు స్టాన్లీ కుబ్రిక్ 1980లో తీసిన సినిమా గొప్ప సినిమానే. కానీ అందులో జాక్ మొదటి సీన్ నుంచే పిచ్చివాడిలా కనిపిస్తాడు. పుస్తకంలో జాక్ మంచి తండ్రి కావాలని నిజంగా తాపత్రయపడతాడు. అందుకే అతను జారిపోతుంటే మనకు కడుపులో దేవినట్టవుతుంది. కింగ్‌కు ఆ సినిమా నచ్చకపోవడానికి ముఖ్య కారణం ఇదే.

పుస్తకంలో బాయిలర్ ఒకటుంది. పాతది, ప్రెషర్ నెమ్మదిగా పెరుగుతూ ఉంటుంది, రోజూ వెళ్ళి తగ్గించాలి. మర్చిపోతే అంతే సంగతులు. జాక్ గురించి రచయిత ఇక విడిగా చెప్పాల్సిన పని లేదు. కందిరీగల గూడు ఉన్న అధ్యాయం దగ్గర మాత్రం కాస్త నిదానంగా చదవండి. పురుగుల మందు కొట్టి, అన్నీ చచ్చిపోయాయనుకుని ఆ గూటిని తండ్రి ముచ్చటగా కొడుక్కి ఇస్తాడు. రాత్రికి అందులోంచి కందిరీగలు వస్తాయి. దెయ్యం ఉందో లేదో ఇంకా తేలకుండానే ఆ కుటుంబం సంగతి మొత్తం ఆ కొన్ని పేజీల్లో తెలిసిపోతుంది.

మా లైబ్రరీకి ఒక బ్యాంకు ఉద్యోగిని వచ్చేవారు. ఈ పుస్తకం తీసుకెళ్ళి రెండు వారాలు ఉంచుకున్నారు. తిరిగి ఇస్తూ, దెయ్యాల చోట తనకేమీ కాలేదనీ, ఆ పిల్లాడు రోడ్డు పక్కన కూర్చుని తండ్రి కోసం ఎదురుచూసే చోట రెండు రోజులు పుస్తకం మూసేశాననీ చెప్పారు. ఆ మాట నోట్‌బుక్‌లో అలాగే రాసుకున్నాను.

‘ది ఎక్సార్సిస్ట్’కి వద్దాం. మీరు సినిమా చూశారన్నారు కాబట్టి మీ మనసులో ఉన్నది తల తిరగడం, పచ్చటి వాంతి. పుస్తకం తీరు వేరు. ఇందులో సగం ఆస్పత్రి. నటి అయిన తల్లి, విడాకులు, కూతురి పుట్టినరోజుకి ఫోన్ కూడా చెయ్యని తండ్రి. పిల్ల ప్రవర్తన మారితే డాక్టరు మొదట రిటాలిన్ (చురుకు మితిమీరిన పిల్లలకిచ్చే మందు) రాస్తాడు. తర్వాత ఈఈజీలనే మెదడు పరీక్షలు, వెన్నుపూసలోంచి నీరు తీయడం, మెదడులో ఏదైనా గాయముందా అన్న అనుమానం. ఒక్కో రిపోర్టూ నార్మల్ అని వస్తున్నకొద్దీ తల్లికి ధైర్యం రావాల్సింది పోయి భయం పెరుగుతుంది. ఎవరికైనా ఏ జబ్బో తేలక ఆస్పత్రుల చుట్టూ తిరిగిన అనుభవం ఉంటే ఈ పేజీలు చాలా బాధగా చదువుతారు.

నాకు ఇంకా ఇష్టమైనది ఫాదర్ కారస్. ఆయన కేథలిక్ ప్రీస్టు, సైకియాట్రిస్ట్ కూడా. న్యూయార్క్‌లో ఒంటరిగా ఉన్న తల్లిని చూసుకోలేకపోయానని కుమిలిపోతుంటాడు, దేవుడి మీద నమ్మకం సడలిపోయింది. ఇది ఆవహించడం కాదు, జబ్బేనని నిరూపించడానికే ఆయన ఎక్కువ ప్రయత్నిస్తాడు. మామూలు కుళాయి నీళ్ళు చల్లి పవిత్ర జలమంటాడు. పిల్ల విలవిల్లాడిపోతుంది. అంటే ఇది నటనో మానసిక రోగమో కావచ్చని మనకీ అనిపిస్తుంది. ఇలా రచయిత రెండు పక్షాలకూ సాక్ష్యం ఇస్తూ పోతాడు. ‘తులసిదళం’ చదివి పెరిగిన మన పాఠకులకు ఈ పద్ధతి వెంటనే పట్టుబడుతుంది. ఒక పక్క డాక్టర్లు, ఒక పక్క మంత్రగాళ్ళు, మధ్యలో ఒక పసిపిల్ల. మా లైబ్రరీలో యండమూరిని చదివినవాళ్ళకు బ్లాటీని ఇస్తే మధ్యలో వదిలేసినవాళ్ళు చాలా తక్కువ.

బ్లాటీ అంతకుముందు కామెడీ సినిమాలకు స్క్రిప్టులు రాసేవాడు. వాషింగ్టన్‌లోని జార్జిటౌన్ యూనివర్సిటీలో చదువుతున్నప్పుడు, 1949లో, ఒక అబ్బాయికి భూతవైద్యం చేశారన్న వార్త పత్రికలో చదివాడు. అది దాదాపు ఇరవై ఏళ్ళు ఆయన మనసులో నానింది. ఒక్క జాగ్రత్త: నవల ఉత్తర ఇరాక్‌లో తవ్వకాల దగ్గర మొదలవుతుంది. ఆ కొద్ది పేజీల్లో వాక్యాలు కాస్త బరువుగా ఉంటాయి. నా నోట్‌బుక్‌లో ఈ పుస్తకం ఆపినవాళ్ళలో ఎక్కువమంది అక్కడే ఆపారు. అది దాటితే జార్జిటౌన్‌లో ఇల్లు వస్తుంది, ఇక ఆగరు.

ఇళ్ళ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఆ దశాబ్దపు సొంత సొత్తు ఇదే. రాబర్ట్ మరాస్కో ‘బర్న్ట్ ఆఫరింగ్స్’ (1973)లో న్యూయార్క్‌లో ఇరుకు ఫ్లాట్‌లో ఉండే కుటుంబానికి వేసవికి ఒక పెద్ద భవనం నమ్మలేనంత చవగ్గా అద్దెకు దొరుకుతుంది. షరతు ఒక్కటే: పైగదిలో ఇంటివాళ్ళ ముసలి తల్లి ఉంది, పూటపూటకీ ఆమెకు భోజనం పెట్టాలి. ఆమె ఎప్పుడూ బయటికి రాదు. ఇల్లాలికి ఆ ఇంటి మీద, అందులోని వెండి సామాను మీద, పాత ఫొటోల మీద మమకారం పెరుగుతున్నకొద్దీ ఇల్లు కొత్తదవుతుంది, మనుషులు వాడిపోతారు. చిన్న నవల, పెద్దగా హడావుడి లేకుండా నడుస్తుంది. నాకు చాలా ఇష్టం.

‘ది ఎమిటివిల్ హారర్’ (1977) గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు, నిజంగా జరిగిందా అని. జరిగింది ఇంతవరకే: న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లోని ఆ ఇంట్లో 1974 నవంబరులో ఒక యువకుడు తన కుటుంబంలో ఆరుగురిని కాల్చి చంపాడు. ఏడాది తర్వాత లట్జ్ కుటుంబం 80,000 డాలర్లకు ఆ ఇల్లు కొని, 28 రోజులకే వదిలేసి వెళ్ళిపోయింది. మిగతా దెయ్యాల సంగతులకు ఆధారం లేదు. ఆ హంతకుడి లాయరే, లట్జ్ దంపతులతో కలిసి వైన్ తాగుతూ ఆ కథ అల్లామని తర్వాత బయటపెట్టాడు. జే ఆన్సన్ దీన్ని నిజ కథగా రాశాడు, అందుకే అంత అమ్ముడుపోయింది. నవలగా చదివితే పేలవంగా ఉంటుంది. దీన్ని వదిలేయండి, ఆ సమయం సిడన్స్‌కి ఇవ్వండి.

‘ది హౌస్ నెక్స్ట్ డోర్’లో ఇల్లు పాతది కాదు. అట్లాంటా శివార్లలో, డబ్బున్నవాళ్ళ కాలనీలో, ఒక కుర్ర ఆర్కిటెక్ట్ కట్టిన సరికొత్త ఇల్లు. అందులో ఎవరూ చావలేదు, దాని కింద శ్మశానం లేదు. పక్కింటి ఆవిడ కథ చెప్తుంది. ఆ ఇంట్లోకి ఒకరి తర్వాత ఒకరుగా మూడు కుటుంబాలు వస్తాయి. ఒక్కొక్కరిలో ఏది బలహీనమో దాన్నే ఆ ఇల్లు పట్టుకుంటుంది. పరువు, పెళ్ళి, బిడ్డ, మనసు. చుట్టుపక్కలవాళ్ళు అన్నీ చూస్తూ కూడా కాలనీ మర్యాద కోసం, ఇళ్ళ ధరల కోసం నోరు మెదపరు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో ఉండేవాళ్ళకు ఈ మనుషులు బాగా తెలిసినట్టే ఉంటారు. ఇందులో రక్తం తక్కువ, అవమానం ఎక్కువ. మా లైబ్రరీలో ఇది ఎవరూ అడిగి తీసుకునేవారు కాదు, నేనే చేతిలో పెట్టేవాణ్ణి. మా బంధువుల్లో ఒకామె గృహప్రవేశానికి ముందు అడిగితే మాత్రం, నెల తర్వాత ఇస్తానని దాచేశాను.

ఇక కింగ్ మొదటి రెండు. ‘క్యారీ’ (1974) ఆయన అచ్చయిన మొదటి నవల. అప్పుడాయన అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ట్రెయిలర్‌లో (చక్రాల మీద ఉండే ఇల్లు) కాపురముంటూ బడిలో ఇంగ్లీషు చెప్పేవాడు. రాసిన మొదటి పేజీలు చెత్తబుట్టలో పడేస్తే భార్య టాబిత తీసి చదివి, పూర్తి చెయ్యమంది. అడ్వాన్సుగా 2,500 డాలర్లు వచ్చాయి. తర్వాత పేపర్‌బ్యాక్ హక్కులు 4,00,000 డాలర్లకు పోయాయి, అందులో సగం ఆయనకి. చిన్న పుస్తకం, మధ్యమధ్య పత్రికా వార్తలు, విచారణ సాక్ష్యాలు వస్తుంటాయి. ఇంగ్లీషు నవలలు అలవాటు లేకపోతే మీరు దీనితోనే మొదలుపెట్టండి, ‘ది షైనింగ్’ తర్వాత చూసుకోవచ్చు. తెలుగు మీడియం నుంచి వచ్చిన డిగ్రీ పిల్లలకు నేను ఇదే ఇచ్చేవాణ్ణి.

‘సేలమ్స్ లాట్’ (1975)లో డ్రాక్యులా లాంటివాడు అమెరికాలో ఒక చిన్న ఊరికి వస్తే ఏమవుతుందన్నది ప్రశ్న. మొదటి భాగంలో ఊరి మనుషుల గురించి చాలా పేజీలు ఉంటాయి, పాలు పోసేవాడి నుంచి పోలీసు దాకా. చాలామంది అక్కడ విసుగుపడ్డారు. ఆగకండి. ఆ ఊరు మీకు తెలిస్తేనే అది ఖాళీ అవుతుంటే గుబులు పుడుతుంది. రాత్రి కిటికీ బయట తెలిసిన పిల్లాడు నిలబడి లోపలికి రానివ్వమని అడిగే సన్నివేశం ఒకటుంది. ఒకప్పుడు మన ఊళ్ళలో తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకున్న రోజులు గుర్తున్నవాళ్ళు ఆ పేజీలు తేలిగ్గా తిప్పలేరు. తెలిసిన గొంతుతో పిలుస్తుంది, పలికితే పని అయిపోతుంది.

యాన్ రైస్ ‘ఇంటర్వ్యూ విత్ ది వాంపైర్’ (1976)ని చాలామంది భయం కోసం చదివి నిరాశపడతారు. దాన్ని దుఃఖం కోసం చదవాలి. రైస్ కూతురు ఆరేళ్ళు నిండకుండానే, 1972లో, లుకేమియాతో పోయింది. ఆ మరుసటి ఏడాది ఆమె ఈ నవల రాసింది. అందులో క్లాడియా అనే చిన్నపిల్ల రక్తపిశాచి అవుతుంది. ఇక చావు రాదు, పెద్దదీ కాదు. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టుకుని చదివితే కథ నడిచే న్యూ ఆర్లీన్స్ నగరపు అలంకారాలన్నీ వెనక్కి పోతాయి.

మిగతావి త్వరగా. రిచర్డ్ మాథెసన్ ‘హెల్ హౌస్’ (1971): చావు తర్వాత ఏముందో తేల్చమని ఒక ముసలి ధనవంతుడు ముగ్గురికి లక్ష డాలర్లు చొప్పున ఇస్తాడు. వేగంగా పరిగెత్తే కథే గానీ, ఆడవాళ్ళ మీద లైంగిక హింస ఎక్కువ, దాన్ని రాసిన తీరు ఇప్పుడు మింగుడుపడదు. థామస్ ట్రయన్ ‘హార్వెస్ట్ హోమ్’ (1973): పల్లెకు మకాం మార్చిన పట్నం కుటుంబం, మొక్కజొన్న పండుగ. ముగింపు చాలా రోజులు వెంటాడుతుంది. పీటర్ స్ట్రాబ్ ‘ఘోస్ట్ స్టోరీ’ (1979): యవ్వనంలో చేసిన ఒక తప్పును దాచుకున్న ముసలివాళ్ళ కథ. గొప్పదే, కానీ కథలో పాయలు చాలా, మొదటి వంద పేజీలు ఓపిక కావాలి. దీన్ని ఆఖర్న పెట్టుకోండి.

కథలే చదువుతానంటే ఇంగ్లండుకు చెందిన రాబర్ట్ ఐక్‌మన్ ‘కోల్డ్ హ్యాండ్ ఇన్ మైన్’ (1975) తెచ్చుకోండి. అందులో ‘ది హాస్పిస్’ అనే కథ. దారి తప్పినవాడు రాత్రి ఒక బసకు చేరతాడు. వాళ్ళు వడ్డిస్తూనే ఉంటారు, తినలేనంత. ఒక అతిథి కాలికి గొలుసు ఉండటం చూస్తాడు. ఎవరూ ఏదీ వివరించరు. నాకు తెలిసి అంత మర్యాదగా భయపెట్టే కథ ఇంకోటి లేదు.

చదివే పద్ధతి: ఎక్సార్సిస్ట్ గానీ షైనింగ్ గానీ తీసుకునే ముందు సినిమా మళ్ళీ చూడకండి. ఫోన్‌లో చదివితే ఇవి సగం పోతాయి, కుదిరితే కాగితం పుస్తకమే కొనండి. ఒకదాని వెంట ఒకటి చదవకండి, మధ్యలో వేరే ఏదైనా చదవండి. వరసగా మూడు చదివినవాళ్ళు నాలుగోది పూర్తి చెయ్యలేదని నా నోట్‌బుక్ చెప్తోంది. ఇంకోటి, ఈ పుస్తకాల్లో నల్లవాళ్ళనీ ఆడవాళ్ళనీ చూపించిన తీరు కొన్నిచోట్ల ఆనాటిదే. షైనింగ్‌లో కూడా అలాంటి వాక్యాలు తగులుతాయి.

ఇప్పుడు మీ శ్రీమతి గారి సంగతి. ఇది చిన్న విషయం కాదు, అడిగి మంచి పని చేశారు. కాన్పు అయ్యి, ఆమె కుదుటపడేదాకా ఈ నాలుగూ ఇవ్వకండి. ‘రోజ్‌మేరీస్ బేబీ’ కథే గర్భం మీద నడుస్తుంది. ‘ది హౌస్ నెక్స్ట్ డోర్’లో గర్భం పోయే సంఘటన ఉంది. ‘సేలమ్స్ లాట్’లో ఒక పసిబిడ్డ కథ ఉంది, నాకే చదవడం కష్టమైంది. ‘ది ఎక్సార్సిస్ట్’లో పిల్ల పడే బాధ గురించి చెప్పక్కర్లేదు. ఒకసారి తెలియక ఒక గర్భిణికి వీటిలో ఒకటి ఇచ్చాను. మర్నాడు ఆమె తల్లి వచ్చి పుస్తకం బల్ల మీద పెట్టి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి అడిగి ఇవ్వడం అలవాటు చేసుకున్నాను.

ఆమెకు ఫ్రిట్జ్ లైబర్ ‘అవర్ లేడీ ఆఫ్ డార్క్‌నెస్’ (1977) ఇవ్వండి. పిల్లలకు హాని జరిగే కథ కాదు, రక్తం లేదు. శాన్ ఫ్రాన్సిస్కోలో భార్య పోయి, తాగుడులోంచి తేరుకుంటున్న ఒక రచయిత. లైబర్ సొంత జీవితమే అది. తన గది కిటికీలోంచి బైనాక్యులర్స్‌తో చూస్తే దూరంగా ఒక గుట్ట మీద ఏదో ఆకారం కదులుతూ కనిపిస్తుంది. ఏమిటో చూద్దామని ఒక రోజు ఆ గుట్ట ఎక్కుతాడు. అక్కడ ఎవరూ ఉండరు. బైనాక్యులర్స్ తీసి తన కిటికీ వైపు చూస్తాడు. అది అతని గదిలోంచి చెయ్యి ఊపుతూ ఉంటుంది. ఆ అధ్యాయం దాకా పగలే చదవమనండి.